కంకణం కట్టిన చెయ్యి

గుమ్మడవలస ఆస్పత్రి వరండాలో పెళ్ళిబట్టల మనుషుల్ని కూర్చోబెట్టి, పోయినవారం మనం మెల్లగా జారుకున్నాం. వాళ్ళింకా అక్కడే ఉన్నారు. సాలూరు లారీలు తోలే అప్పలసూరి తన చెల్లెలు అమ్మడికి ఘనంగా పెళ్ళి చేశాడు. పందిరి మీది ఆకులు ఎండకముందే కడుపు పట్టుకుని కూలబడ్డాడు. "పెళ్ళి భోజనం పడనేదు తల్లీ, సున్నుండలు మెక్కీసినాడు" అంది తల్లి లక్ష్మీనరసమ్మ. కొడుకూ మూలుగుతూ అదే మాట చెప్పాడు. పెద్ద డాక్టరు నరసింగరావుగారు సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్ళారు కాబట్టి పురుళ్ళ వార్డు చూసే డాక్టరు పద్మకుమారి వచ్చి చూసింది. రోగీ, రోగి తల్లీ ఒకే మాట చెబితే ఎవరైనా ఏంచేస్తారు? అజీర్తికి మందు పోయించి, పక్క వార్డులో నొప్పులు పడుతున్న మనిషి దగ్గరికి పరుగెత్తింది.

ఆ పురుడు సుఖంగానే అయింది. ఆడపిల్ల. పద్మకుమారి చేతులు కడుక్కుని మగవార్డులోకి వచ్చేసరికి అప్పలసూరి వేరే మనిషైపోయి ఉన్నాడు.

ఇందాక ముడుచుకుని పడుకున్నవాడు ఇప్పుడు ఒక్కచోట నిలవడం లేదు. ఇటు దొర్లుతాడు, అటు దొర్లుతాడు. నుదుటి మీద చెమట చల్లగా ఉంది. పెదవులకి రంగు లేదు.

"నీల్లు... గుక్కెడు నీల్లియ్యండి డాకటరమ్మా. నాలిక పిడసకట్టుకు పోతన్నాది."

నర్సు దానమ్మ అతని మణికట్టు వదిలి తలెత్తింది. "నాడి సన్నమైపోనాదమ్మా. అందీ అందనట్టు పరిగెడతన్నాది. గుండెకి కోరమిన్ ఇచ్చీమంటారా?"

పద్మకుమారి అతని కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండవలసింది సున్నం కొట్టినట్టుంది. అజీర్తి చేసినవాడు వాంతి చేసుకుంటాడు, తిట్టుకుంటాడు, మర్నాడు మజ్జిగ తాగి లేస్తాడు. ఇలా తెల్లబడడు. మనిషి తెల్లబడ్డాడంటే నెత్తురు పోతోందన్నమాట. ఒంటి మీద గాయం లేదు, దుప్పటి మీద మరక లేదు. మరి ఎక్కడికి పోతోంది?

"కోరమిన్ వద్దు. గుండెది తప్పు కాదు. సెలైన్ ఎక్కించండి" అని, అతని చొక్కా పైకి తీసింది.

పొట్ట ఉబ్బి ఉంది. వేళ్ళు ఆనించగానే అప్పలసూరి కెవ్వుమన్నాడు. ఎడమ పక్కటెముకల కింద పాత వాతల మచ్చలు కనిపించాయి. గుండ్రంగా, మెరుస్తూ, వరసగా ఉన్నాయి. ఇందాక కంగారులో చొక్కా మీంచే నొక్కి చూసి వెళ్ళిపోయింది. ఆ సంగతి తలుచుకుని తనని తాను తిట్టుకుంది.

ఆ మచ్చల అర్థం ఆమెకి ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారి కూతురు ఆమె. చలిజ్వరాలు మళ్ళీ మళ్ళీ వచ్చి డొక్కలో గడ్డ కట్టినట్టు ప్లీహం పెరిగితే, దాన్ని బల్ల అంటారు మనవాళ్ళు. అది కరగాలని ఎర్రగా కాల్చిన ఇనుముతో డొక్క మీద వాతలు పెడతారు. ఆమె అన్నకీ పెట్టారు. అన్నని నలుగురు పట్టుకుంటే, చెవులు మూసుకుని ధాన్యం బస్తాల వెనక దాక్కున్న సంగతి ఆమె ఈనాటికీ మరిచిపోలేదు. వాతలకి బల్ల కరగదు. మచ్చ మిగులుతుంది, బల్లా మిగులుతుంది. మాగిన పండులా మెత్తబడి, చిన్న దెబ్బ తగిలినా చిట్లిపోయేట్టు లోపలే ఉంటుంది.

"దానమ్మగారూ, మంచం కాళ్ళవైపు కొంచెం ఎత్తండి."

ఎత్తారు. అప్పలసూరి ఎడమ భుజం పట్టుకుని గిలగిల్లాడాడు. "ఓలమ్మో, బుజం! బుజం లాగెత్తన్నాది!"

కడుపులో కారిన నెత్తురు పైకి చేరి ఊపిరితిత్తుల కింది పొరని తాకితే, నొప్పి భుజంలో పుడుతుంది. ఈ మాట ఆమె చదువుకుంది. గర్భం గొట్టంలో నిలిచి పగిలిన ఆడవాళ్ళలో కళ్ళారా చూసింది కూడా. మగవాడిలో చూడటం ఇదే మొదలు.

"అప్పలసూరీ, ఎక్కడైనా పడ్డావా? దెబ్బేమైనా తగిలిందా?"

అతను గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లిని చూశాడు. తల్లి కొడుకుని చూసింది.

"నేదు" అన్నాడు. "సున్నుండలు..."

ఇంకా సున్నుండలే! పద్మకుమారికి ఒళ్ళు మండింది. లావుపాటి సూది, గాజు సిరంజి తెప్పించింది. బొడ్డుకి ఎడమగా, కిందికి, డొక్క వారన సూది దింపి వెనక్కి లాగింది. సిరంజి నిండా ఎర్రగా వచ్చింది. దాన్ని చిన్న గాజుగొట్టంలో పోసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. సూది పొరపాటున నరంలో దిగి వచ్చిన నెత్తురైతే కాసేపటికి పేరుకుపోవాలి. కడుపులో అంతకుముందే కారి నిలవున్నదైతే పేరుకోదు. ఆమె గొట్టం వంచి చూసింది, మళ్ళీ వంచి చూసింది. నీళ్ళలా అటూ ఇటూ కదులుతోంది.

ఆ గొట్టం చేత్తో పట్టుకుని, లక్ష్మీనరసమ్మని మందుల గదిలోకి రమ్మంది. ఆ గదికి వరండా వైపు కిటికీ ఒకటుంది. రెక్కలు దగ్గరగా వేసి ఉన్నాయి గాని, గడియ పెట్టి లేదు. ఆ గడియ పెట్టి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

"ఇదేమిటో తెలుసామ్మా?"

లక్ష్మీనరసమ్మ పెళ్ళికి కట్టిన పట్టుచీరలోనే ఉంది. కాళ్ళకి పసుపు ఇంకా పోలేదు. గొట్టం కేసి చూసి తల తిప్పుకుంది.

"నీ కొడుకు కడుపులోంచి తీశాను. మీ పెళ్ళి భోజనంలో నెత్తురు వడ్డించారా?"

"ఓలమ్మా! అదేటి మాట తల్లీ!"

"మరి నిజం చెప్పు. ఎవరు కొట్టారు?"

"ఎవులూ కొట్టనేదు."

"వాడికి చిన్నప్పుడు బల్ల ఉండేదా?"

ముసలామె ఉలిక్కిపడింది. "ఏజెన్సీ కొండల కాడ మా అన్నగారింట పెరిగినాడు. ఏటేటా జొరాలే. వాతలెట్టించినాం. తగ్గిపోనాదనుకున్నాం."

"తగ్గలేదు. లోపల పగిలింది, నెత్తురు కారిపోతోంది. నేను కడుపు కోసి ఆపకపోతే నీ కొడుకు పొద్దు వాలేదాకా ఉండడు. కుడివైపు కాలేయం చితికినా ఇలాగే ఉంటుంది. దానికైతే ఇటు కొయ్యాలి, బల్లకైతే అటు కొయ్యాలి. నాకు ఎడమ అనే తోస్తోంది. కాని కోశాక వెతుక్కుంటూ కూర్చునే వ్యవధి వాడికి లేదు. దెబ్బ ఎక్కడ తగిలింది? ఎప్పుడు తగిలింది?"

లక్ష్మీనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కడుపు సించుకుంటే కాల్ల మీద పడతాది తల్లీ. నా నోరు తెరిపించకు."

పద్మకుమారి వార్డుల్లో పుస్తకంలా మాట్లాడుతుంది. చదువుకున్న మనిషిగా కనబడాలని ఏళ్ళ తరబడి నేర్చుకున్న మాట అది. ఆ క్షణంలో ఆ నేర్చుకున్నదంతా ఊడిపోయింది.

"సెప్పవేటి? నీ కడుపున పుట్టినోడు కాడేటి ఆడు? నోరు మూసుకుని సంపుకుంతావా?"

తన ఊరి మాట డాక్టరు నోట వినేసరికి ముసలామె గోడకి చేరగిలబడి బావురుమంది. ఇన్ని గంటలుగా బిగబట్టిన ఏడుపు అది. ఏడుస్తూనే చెప్పింది.

"పెల్లి మర్నాడు మొగపెల్లోరి కావిల్లొచ్చాయి. మా ఇల్లల్లో అదొక సరదా తల్లీ. పెల్లికొడుకే ముందటి కావిడి బుజానెట్టుకుని గడప కాడికి రావాల. ఆడపిల్ల అన్నదమ్ములు కావిడి బద్దట్టుకుని ఆపాల. పెల్లాం పేరు సెప్పి, ఆలని నెట్టుకుని లోనికి రావాల. మా అల్లుడు సినబాబుకి సిగ్గు. పేరు సెప్పడు. మావోడు ఒగ్గడు. అందరం నవ్వతన్నాం. 'అమ్మడూ' అని ఒక్క కేకేసి అల్లుడు గట్టిగా తోసినాడు. బద్ద కొస మావోడి డొక్కలో దిగబడిపోనాది."

"ఏ డొక్క?"

"ఎడం డొక్క. వాతలున్న సోటే."

పద్మకుమారి కళ్ళు మూసుకుని తెరిచింది.

"అప్పుడేటి అవ్వనేదు తల్లీ. కూకుండిపోనాడు, లేసినాడు, నవ్వీసినాడు. 'బావ సెయ్యి గట్టిదే, మా సెల్లికి దిగులు నేదు' అన్నాడు. రేత్రి కాస్త నొప్పన్నాడు. నిన్న తెల్లారితే బాగానే ఉన్నాడు. ఇయాల పందిరి గుంజ పీకబోయి కూలబడిపోనాడు. నన్ను దగ్గిరికి పిలిసి, 'అమ్మా, బావ పేరెత్తకు, భోజనం పడనేదని సెప్పు' అన్నాడు. నానేటి సెయ్యను? పారాని ఆరనేదు. అల్లుడి సేత్తో కొడుకు పోనాడంటే ఆ గుంట ఆ ఇంట్లో ఎలా కాపరం సేస్తాది? దాని పాదం మంచిది కాదంటారు. ఆ పిల్లడు మాత్తరం ఆ సెయ్యెట్టుకుని అన్నమెలా తింతాడు? బంగారం లాటి పిల్లడు తల్లీ. ఆడికేటీ తెల్దు."

ఇదీ సంగతి. కోపముండి కొట్టిన దెబ్బ కాదు, కక్షతో తోసిన తోపు కాదు. నలుగురూ పకపక నవ్వుతుంటే తగిలింది. పద్మకుమారికి ఆ ముసలామె మీద కోపం పోయి జాలి పట్టుకుంది. ఒక కంట్లో కొడుకు, ఒక కంట్లో కూతురు; ఏ కన్ను మూసుకోమంటాం?

"అల్లుడికి తెలినియ్యకు తల్లీ. నీ పిల్లల మీద ఒట్టు."

"నాకు పిల్లల్లేరు" అంది పద్మకుమారి. "అయినా ఒట్టే. నా నోట రాదు."

కిటికీ అవతల వరండాలో గాజుగ్లాసు పడి పగిలిన చప్పుడైంది. ఆస్పత్రిలో గ్లాసులు పగులుతూనే ఉంటాయి. ఇద్దరూ పట్టించుకోలేదు.

తీరా కొయ్యాలనేసరికి లక్ష్మీనరసమ్మ మళ్ళీ వెనక్కి తగ్గింది. "నువ్వు ఆడకూతురివి. మొగోడి కడుపు నువ్వు కోస్తావేటి? లారీ ఉన్నాది. పరుపేసి పట్నం తీసుకుపోతాం. పెద్ద డాకటరు అక్కడే ఉన్నాడు కదా."

"తీసుకెళ్ళు. గజపతినగరం దాటడు. ఆ గతుకులకి ఉన్న నెత్తురూ పోతుంది."

నిజానికి భయం ఆమెకీ ఉంది. వెళ్ళేముందు నరసింగరావుగారు వేలు చూపించి మరీ చెప్పారు, పురుళ్ళ వార్డు గడప దాటొద్దని. ఈ మనిషి ఆపరేషను బల్ల మీద పోతే తన ఉద్యోగం పోతుంది. అంతకన్నా ముందు, ఆడది కోసి చంపిందన్న మాట సాలూరు నుంచి శ్రీకాకుళం దాకా పాకుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా ఆమె దానమ్మ వైపు తిరిగి పనిముట్లు మరిగించమంది. లక్ష్మీనరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తల ఊపింది.

కాంపౌండరు నూకయ్య అప్పలసూరి ముక్కు మీద గుడ్డ కప్పి మత్తుకి ఈథర్ చుక్కలు వెయ్యడం మొదలెట్టాడు. అంతలో తలుపు దగ్గర పెళ్ళికొడుకు కనిపించాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. బుగ్గన పెట్టిన చుక్క చెమటకి కారి గడ్డం మీదికి దిగింది. చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచి, కుడిచెయ్యి ముందుకి చాపాడు. మణికట్టుకి పసుపు కంకణం ఉంది.

"నా రగతం తీసుకోండి డాకటరమ్మా. ఎంత కావాలంటే అంత."

"గ్రూపు కలవాలి బాబూ. కలుస్తుందో లేదో చూడటానికి ఇక్కడ సరంజామా లేదు. అతని నెత్తురే అతనికి ఎక్కిస్తాం."

"నా సెయ్యి ఏటికీ పనికి రాదేటమ్మా?"

ఆ మాటన్న తీరు ఆమెకి వింతగా తోచింది. కాని అప్పటికే చేతులు కడిగి పైకెత్తి నిలబడి ఉంది. "ఇప్పుడు కాదు, బయట కూర్చో" అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేశారు. ఆ కుర్రవాడు కాసేపు చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడని తరవాత ఎవరో చెప్పారు.

ఎడమవైపు నిలువుగా కోసింది. లోపలి పొర నల్లగా, నీలంగా కనిపించింది. దాన్ని కత్తిరించగానే నెత్తురు ఉబికి ఆపరేషను బల్ల అంచుల మీంచి కారింది. దానమ్మ చిన్న గిన్నెతో తోడి, మడతలు పెట్టిన గాజుగుడ్డలోంచి సీసాలోకి వడకట్టింది. పేరుకోకుండా సీసాలో ముందే సైట్రేటు మందు పోసి ఉంచారు. గర్భం గొట్టంలో పగిలిన ఆడవాళ్ళకి ఇలా ఎన్నిసార్లు చేసిందో పద్మకుమారికి లెక్క లేదు. పేగులు పగిలి మైల కలిస్తే ఈ నెత్తురు పనికిరాదు. ఆమె పేగులు త్వరత్వరగా తడిమి చూసింది. చెక్కుచెదరలేదు. "ఎక్కించెయ్యండి" అంది. అప్పలసూరి ఒంట్లోంచి కారిపోయిన నెత్తురు అతని చేతి నరంలోకే చుక్క చుక్కగా తిరిగి వెళ్ళసాగింది.

ఆమె చెయ్యి పక్కటెముకల కిందికి, లోలోపలికి వెళ్ళింది. అందింది. మామూలుగా గుప్పిట్లో ఇమిడేది చేటంత పెరిగి ఉంది. అంచున అడ్డంగా చీలిపోయి ఉంది. రెండునాళ్ళు లోపలిపొర బిగబట్టి ఆపింది; గుంజ పీకేసరికి అదీ విడిపోయింది. ఆమె దాని మొదట్లో ఉన్న నరాల్ని వేళ్ళ మధ్య నొక్కి పట్టుకుంది. నెత్తురు ఆగింది.

"నూకయ్యా, మనిషి ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. ఊపిరాడతన్నాది. మత్తులో ఏటో గొణుగుతన్నాడు."

"ఏమంటున్నాడు?"

నూకయ్య వంగి విన్నాడు. "'మెల్లిగా బావా' అంతన్నాడమ్మా."

పద్మకుమారికి కళ్ళు చెమ్మగిల్లాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. క్లాంపులు వేసింది, పట్టుదారంతో ముడి మీద ముడి బిగించింది, చీలిపోయిన ప్లీహాన్ని కోసి పళ్ళెంలో పెట్టింది. ఇంకెక్కడైనా కారుతోందేమోనని గుడ్డ అద్ది చూసింది. గుడ్డ తెల్లగా వచ్చింది. పొట్ట మూసి కుట్టేటప్పటికి దానమ్మ అతని మణికట్టు పట్టుకుని, "నాడి అందతన్నాదమ్మా" అంది.

బతికాడని చెప్పడానికి ఇంకా వీల్లేదు. జ్వరం రావచ్చు, కుట్లు చీము పట్టొచ్చు, కట్టిన ముడి జారవచ్చు. ఇంత మాట మాత్రం తల్లితో చెప్పొచ్చు: ఇందాక పోతున్నవాడు ఇప్పుడు ఆగాడు.

లక్ష్మీనరసమ్మ ఆ మాట విని ఆమె కాళ్ళ మీద పడబోయింది. పద్మకుమారి పట్టుకుని ఆపింది. అప్పుడే మంచం మీద అప్పలసూరి కళ్ళు సగం తెరిచాడు. చుట్టూ వెతికాడు.

"బావేడి?"

తల్లి వంగి దుప్పటి సర్దింది.

"బావకి... ఏటీ సెప్పనేదు కదా?"

"సెప్పనేదు నాయినా, పడుకో" అంది తల్లి.

పద్మకుమారి వరండాలోకి వచ్చింది. పొద్దు కొండల మీదికి వాలింది. మందుల గది కిటికీ కింద గాజుపెంకులు, ఒలికిన టీ మరక ఉన్నాయి. చీమలు పట్టాయి. కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. ఆమె ఆ రెక్కని చూసింది, కింద మరకని చూసింది. ఇందాక విన్న గ్లాసు చప్పుడూ, పెళ్ళికొడుకు చాపిన చెయ్యీ గుర్తొచ్చాయి.

పక్కనే పెళ్ళికూతురు అమ్మడు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. గుప్పిట మూసి ఉంది. దగ్గరకు వచ్చి గుప్పిట విప్పింది. అందులో పసుపు కంకణం. పదహార్రోజుల పండక్కి అత్తవారు అక్షింతలు వేసి విప్పాల్సిన ముడి, పళ్ళతో లాగి తెంపినట్టుంది.

"మా అన్న బతికీసినాడేటమ్మా?"

"ఉన్నాడమ్మా. ఇప్పటికి ఉన్నాడు."

"అయితే ఈయనెందుకిలా సేసినాడు? ఇది నా సేతిలో ఎట్టీసి, 'ఇది కట్టుకోడానికి నా సెయ్యి తగదు' అని ఎల్లిపోనాడు. పిలిస్తే తిరిగి సూడనేదు. ఏగావతి ఏటి వంతెన కేసి నడిసెల్లిపోతన్నాడని సోడాకొట్టు ఆయన సెప్పినాడు." ఆ పిల్ల కంకణాన్ని ఆమె కేసి చాపింది. "ఏటి సేసినాడమ్మా నా మొగుడు?"

పద్మకుమారి నోరు తెరిచింది. వార్డు గుమ్మంలోంచి లక్ష్మీనరసమ్మ ఆమెనే చూస్తోంది. ఒట్టు వేయించుకున్నది తల్లి, అడుగుతున్నది కూతురు.